తడిసిన గేమ్ క్యాసెట్లు మూడు: గీతల బొమ్మ, మూగ శబ్దం, నిలవని సేవ్

గుణుపురం గట్టు:

అందరికీ నమస్కారం. వానాకాలమంతా అటక మీద రేకుపెట్టెలో ఉండిపోయిన పాత గేమ్ క్యాసెట్లు మూడు బాగుచేయాలి. వాటి పరిస్థితి ఇదీ:

మొదటిది టీవీకి తగిలించే గేమ్ సెట్టులో పెట్టే పసుపు రంగు 60 పిన్నుల క్యాసెట్. ఒకటే ఆట. ఆట మొదలవుతుంది, పాట కూడా సరిగ్గానే వస్తుంది, కానీ బొమ్మ నిండా సన్నని నిలువు గీతలు. లోపల బోర్డు మీద ఐసీలు లేవు, రెండు నల్లటి బొట్లు ఉన్నాయి.

రెండోది మల్టీ క్యాసెట్, ఇదీ 60 పిన్నులదే. మెనూ వస్తుంది, ఆటలన్నీ ఆడుతున్నాయి, శబ్దం మాత్రం అసలు లేదు. అదే సెట్టులో వేరే క్యాసెట్ పెడితే శబ్దం వస్తోంది.

మూడోది చేత్తో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ క్యాసెట్. ఆట బాగుంది, ఆపి మళ్లీ వేస్తే సేవ్ ఉండదు.

నా దగ్గర 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, 60/40 లెడ్ (టంకం తీగ) ఉన్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఇక్కడ దొరకలేదు, మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ ఉంది. అది వాడొచ్చా? పిన్నులకి సన్న సాండ్ పేపర్ వేయమంటున్నారు కొందరు. ఏది ముందు చేయాలి, ఏది తర్వాత?

బరంపురం టంకం:

తమ్ముడూ, ముందు ఆ సాండ్ పేపర్ ఇంట్లో కనపడకుండా దాచెయ్యి. పిన్ను అంటే బోర్డు అంచున రాగి పట్టీ, దాని మీద నికెల్, ఆపైన బంగారం పూత. ఆ పూత మైక్రాన్‌లో కొంత భాగమే. చౌక క్యాసెట్లలో ఇంకా పలచన. సాండ్ పేపర్ నాలుగుసార్లు లాగితే బంగారమూ నికెలూ పోయి రాగి తేలుతుంది. ఆ రోజుకి ఆట వస్తుంది. వచ్చే వానాకాలానికి ఆ రాగి నల్లబడి మళ్లీ మొదటికొస్తావు, అప్పుడు గీకడానికి ఇంకేమీ మిగలదు. ఇత్తడికి మెరుగు పెట్టే బ్రాసో కూడా అంతే, అందులో రుద్దుడు పొడి ఉంటుంది. మాకు గోపాల్‌పూర్ సముద్రపు గాలిలో ఉప్పు కూడా కలుస్తుంది కాబట్టి పూత పోయిన పిన్ను ఎంత తొందరగా పచ్చబడుతుందో ఇక్కడ బాగా తెలుస్తుంది.

నోటితో ఊదడం కూడా మానెయ్యి. ఊదితే బాగైనట్టు కనిపిస్తుంది గానీ అది ఊదినందుకు కాదు. తీసి మళ్లీ పెట్టినప్పుడు స్లాటు పిన్నూ క్యాసెట్ పిన్నూ ఒకదాన్నొకటి రాసుకుని మురికి కాస్త జరిగినందుకు. ఉమ్మి తడి మాత్రం లోపలే ఉండిపోయి తుప్పుకి మేత అవుతుంది.

సర్జికల్ స్పిరిట్ సంగతి ఇలా తేల్చుకో. శుభ్రంగా కడిగిన అద్దం ముక్క మీద నాలుగు చుక్కలు వేసి ఆరనియ్యి. ఆరాక వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడు. మరక గానీ జిడ్డు పొర గానీ కనిపిస్తే క్యాసెట్‌కి పనికిరాదు. శానిటైజర్ అయితే పరీక్ష కూడా అక్కర్లేదు, అందులో నీళ్లూ గ్లిజరిన్ ఉంటాయి. కావలసింది 99 శాతం ఐసోప్రొపైల్. మొబైల్ రిపేరు సామాను అమ్మే షాపుల్లో అడుగు, 100 మిల్లీలీటర్ల సీసా పాతిక ముప్పై క్యాసెట్లకి వస్తుంది. దాన్ని వాడేటప్పుడు దగ్గర్లో పొయ్యి, అగరుబత్తి, వేడి ఐరన్ ఏవీ ఉండకూడదు.

చెవి పుల్లని దానిలో ముంచి, కాస్త పిండి, పిన్ను పొడవునా పైనుంచి అంచు వైపుకి ఒకే దిక్కుగా లాగు. అడ్డంగా రుద్దితే ఒక పిన్ను మురికి పక్క సందులోకి పోయి కూర్చుంటుంది. దూది తెల్లగా వచ్చేదాకా పుల్లలు మారుస్తూ రెండు ముఖాలూ చెయ్యి. పది నిమిషాలు ఆరాక పెట్టి చూడు. స్లాటుని కూడా మరిచిపోవద్దు. క్యాసెట్ శుభ్రంగా ఉండి స్లాటు మురికిగా ఉంటే నిందంతా క్యాసెట్ మీద పడుతుంది.

దీనితోనే సగం క్యాసెట్లు లేస్తాయి. నీ మొదటి రెండూ లేవకపోతే మాత్రం గుడ్డిగా ఐరన్ పెట్టొద్దు. ఏ పిన్ను పోయిందో బొమ్మే చెబుతుంది.

60 పిన్నుల క్యాసెట్‌లో రెండు వేర్వేరు దారులున్నాయి. ఒకటి ఆట నడిపే ప్రాసెసర్‌ది, 2 నుంచి 15, 32 నుంచి 44 పిన్నులు. రెండోది బొమ్మలు గీసే చిప్‌ది, దాదాపు 17 నుంచి 29, 47 నుంచి 60. మొదటి దారిలో ఒక్క పిన్ను తెగినా చాలావరకు ఆట మొదలే కాదు, తెర అంతా ఒకే రంగులో నిలబడిపోతుంది. రెండో దారిలో తెగితే నీకు వచ్చినట్టే పాట సరిగ్గా, బొమ్మ చెత్తగా ఉంటుంది. కాబట్టి నీ మొదటి క్యాసెట్‌లో ప్రాసెసర్ వైపు అంతా బాగున్నట్టే.

ఇంకా లోపలికి పోదాం. బొమ్మ మొత్తం 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న పలకలతో కట్టింది. తెర అడ్డంగా 256 చుక్కలు, అంటే 32 పలకలు. ప్రతి పలకలో ఒక్కో నిలువు వరసకీ ఒక్కో డేటా తీగ. ఎడమ నుంచి మొదటి వరస డీ7, రెండోది డీ6, అలా కుడి చివర డీ0. ఒక్క తీగ తెగితే ప్రతి పలకలోనూ అదే వరస పాడవుతుంది, కాబట్టి తెర మీద సమానమైన ఎడంలో నిలువు గీతలు కనిపిస్తాయి. నీవి అలాంటివేనా అన్నది రెండు రకాలుగా తేల్చుకోవచ్చు. ఆట జరుగుతుంటే గీతలు వెనక బొమ్మతో పాటే జరగాలి. కదలకుండా నిలబడితే తప్పు సెట్టుదో టీవీదో. ఇంకోటి, ఆటలో మనిషి ఎడమకి తిరిగి ఉన్నప్పుడు గీత వాడి వీపు వైపుంటే, కుడికి తిరిగినా వీపు వైపే ఉంటుంది. బొమ్మని అద్దంలో తిప్పినట్టు తిప్పి వాడుకుంటుంది కాబట్టి పలకలో పాడైన వరస కూడా దాంతో పాటే తిరుగుతుంది.

గీతలు కాకుండా పలకలు తారుమారైతే, అంటే ఇటుక ఉండాల్సిన చోట మబ్బు ముక్క వస్తే, అది ఏ పలక కావాలో చెప్పే అడ్రస్ తీగ. మనుషుల బొమ్మలు బాగుండి వెనక తెర మొత్తం చెత్తగా ఉంటే 48, 49 పిన్నులు చూడు.

నువ్విప్పుడు చేయాల్సింది ఏమంటే, తెర మీద స్కోరు అంకెలని ఫోనుతో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూడు. ఒక్కో అంకె ఒక్కో పలక. ఎడమ నుంచి ఎన్నో చుక్కల వరస పాడైందో లెక్కపెట్టి చెప్పు.

రాయగడ రిపేరు:

టంకం గారితో అన్నీ ఏకీభవిస్తాను, ఒక్కటి కలుపుతాను. ఆల్కహాల్‌కి లొంగని నల్లదనం ఉంటే తెల్లటి మెత్తని రబ్బరు వాడొచ్చు, పెన్సిల్ గీతలు చెరిపేది. పెన్ను సిరా చెరిపే గరుకు నీలం రబ్బరులో సాండ్ పేపర్‌లో ఉండేలాంటి పొడే ఉంటుంది, అది వద్దు. తెల్లది కూడా ఒక్కో పిన్ను మీద ఐదారుసార్లకి మించి వద్దు. ఆ తర్వాత మళ్లీ ఆల్కహాల్‌తో తుడవాలి, లేకపోతే రబ్బరు పొట్టు స్లాటులో చేరి కొత్త తంటా తెస్తుంది.

పచ్చటి పొడి కనిపిస్తే అది రాగి తుప్పు. దానికి వంటింటి తెల్ల వెనిగర్ ఒక్క చుక్క పుల్లతో అద్ది, అర నిమిషం ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు తుడిచి, చివర ఆల్కహాల్. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు చాలు. బోరు నీళ్లతో కడగొద్దు, అందులో ఉప్పులు మిగిలిపోతాయి. వెనిగర్‌ని తుడవకుండా వదిలేస్తే అదే తినడం మొదలుపెడుతుంది.

డబ్బా విప్పడం గురించి ఎవరూ చెప్పలేదు. పసుపు క్యాసెట్లలో చాలావాటికి స్క్రూలుండవు, లోపల కొక్కేలే. స్టిక్కరు మీద బొటనవేలితో నొక్కుతూ వెళ్లు, ఎక్కడైనా గుంట తగిలితే దాని కింద స్క్రూ ఉన్నట్టు. లేకపోతే పాత ఏటీఎం కార్డు అంచుని జాయింటులో దూర్చి పక్కల వెంబడి నెమ్మదిగా జరుపు. ఫ్లాట్ స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే కొక్కెం తెగుతుంది, తెగిన కొక్కేన్ని మళ్లీ నిలబెట్టడం కష్టం. గేమ్ బాయ్ అసలు క్యాసెట్‌కి మాత్రం 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్ మొన కావాలి, ఆన్‌లైన్‌లో తెప్పించుకో. పెన్ను గొట్టం కాల్చి అచ్చు తీసే పద్ధతి చూపిస్తుంటారు, అది స్క్రూ చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది.

గుణుపురం గట్టు:

చాలా ధన్యవాదాలు అన్నా. ఐసోప్రొపైల్ తెప్పించి రెండు ముఖాలూ, స్లాటూ తుడిచాను. గీతలు కాస్త పలచబడ్డాయి గానీ పోలేదు. ఆటతో పాటే జరుగుతున్నాయి. అంకెలు పెద్దవి చేసి చూస్తే ప్రతి అంకెలోనూ ఎడమ నుంచి మూడో వరస పాడైంది. బోర్డు మీద ఒక మూల, పిన్ను పైన ఉన్న చిన్న రంధ్రం దగ్గర పచ్చగా ఉంది. ఏ పిన్ను ఎన్నో నంబరో మాత్రం తెలియడం లేదు, బోర్డు మీద అంకెలు లేవు.

బరంపురం టంకం:

మూడో వరస అంటే డీ5. అది 59వ పిన్ను.

నంబర్లు ఇలా పట్టుకో. ఒక్కో ముఖానికి 30 పిన్నులు. మీటర్ని బీప్‌లో (రెండు ముళ్ల మధ్య దారి ఉంటే మోగే చోట) పెట్టి పక్కపక్క పిన్నుల్ని జతలుగా ముట్టుకుంటూ వెళ్లు. ఒక ముఖం సరిగ్గా నడిమధ్యలో, అంటే 15వది 16వది, రెండూ కలిసి బీప్ కొడతాయి. అవి 45, 46. ఒక పిన్ను వదిలి ఆ తర్వాతి రెండూ కూడా చాలా బోర్డుల్లో కలిసే ఉంటాయి, అవి 48, 49. ఈ రెండో జత ఏ చివర వైపు ఉందో ఆ చివరిదే 60. రెండో చివర 31. వెనక ముఖంలో 31కి వెనక 1, 60కి వెనక 30. కాబట్టి 59 అంటే చివరి నుంచి రెండోది. బొమ్మ డేటా తీగలు ఎనిమిదీ ఈ మూలనే ఉంటాయి, ఒక ముఖంలో 57 నుంచి 60, వెనక 26 నుంచి 29. నువ్వు చెప్పిన పచ్చటి మూల అదే అయి ఉండాలి.

ఇప్పుడు తెగింది ఎక్కడో చూడు. మీటరు ఒక ముల్లు 59 మీద, రెండోది రంధ్రం అవతల గీత నల్లబొట్టులోకి దూరే చోట. అక్కడ ఆకుపచ్చ పూతని బ్లేడు కొసతో అర మిల్లీమీటరు గీకితే ముల్లు ఆనుతుంది. బీప్ రాకపోయినా, వస్తూ పోతూ ఉన్నా తెగింది ఆ రంధ్రంలోనే. బోర్డు రెండు ముఖాల్ని కలిపే పలచని రాగి గొట్టం అది, తడి చేరితే ముందు తినేది దాన్నే.

వెనిగర్, నీళ్లు, ఆల్కహాల్ అయ్యాక రెండు చోట్ల పూత గీకాలి. ఒకటి 59వ పిన్ను పైభాగం, రెండోది రంధ్రం అవతలి గీత. రెండోచోట 3 మిల్లీమీటర్ల పొడవు, రాగి గులాబీ రంగులో మెరిసేదాకా. మచ్చగా ఉన్న రాగికి లెడ్ అంటదు, ముత్యంలా ఉండకట్టి జారిపోతుంది. రోజిన్ పేస్టు కొంచెం పూసి, రెండు చోట్లా పలచగా లెడ్ పట్టించు. పైపులకి వాడే యాసిడ్ పేస్టు మాత్రం వద్దు, అది గీతల్నే తినేస్తుంది. తీగ 30 గేజీ, అంటే పావు మిల్లీమీటరుది. దాని కొసకి కూడా లెడ్ పట్టించి అతికించు. ఐరన్ ఒక్కోసారి రెండు మూడు సెకన్లే. అంటుకోకపోతే తీసి, చల్లారనిచ్చి, మళ్లీ. పాత బోర్డుల్లో రాగి పట్టీ కింది జిగురు బలహీనం, నొక్కి పట్టుకుంటే పట్టీ లేచి వస్తుంది.

పిన్ను మీద లెడ్ ఎంతదాకా పోవచ్చో క్యాసెట్టే చూపిస్తుంది. స్లాటులో ఒకసారి పెట్టి తియ్యి. పిన్ను మీద స్లాటు గీసిన సన్నని చార కనిపిస్తుంది. ఆ చార ఆగిన చోటుకి పైన మాత్రమే అతికించాలి. చార మీద లెడ్ గడ్డ కడితే స్లాటు పిన్ను విడిపోయి వదులవుతుంది, అప్పుడు మిగతా క్యాసెట్లన్నిటికీ జబ్బు పట్టుకుంటుంది.

రెండోదానికి మందు ఇంకా సులువు. సెట్టులో పుట్టిన శబ్దం 45 మీద క్యాసెట్‌లోకి వచ్చి, 46 మీద తిరిగి సెట్టులోకి పోయి, అప్పుడు టీవీకి చేరుతుంది. మామూలు క్యాసెట్లలో ఈ రెంటినీ కలిపేది ఒక చిన్న రాగి గీత. అది తెగినా, ఆ రెంటిలో ఒకటి మురికిపట్టినా ఆట నిక్షేపంగా నడిచి శబ్దం పోతుంది. మెనూ, ఆటలు అన్నీ వస్తున్నాయంటే నీది ఇదే. మీ మల్టీ క్యాసెట్‌లో ఆ రెండూ బీప్ కొట్టవు చూడు. నంబర్లు పట్టుకోవడానికి ముందు 48, 49 జత వెతుక్కో. రెండు పిన్నుల పైభాగాల్ని కలుపుతూ చిన్న తీగ ముక్క వెయ్యి. తర్వాత 44కీ 45కీ, 46కీ 47కీ మధ్య బీప్ రాకూడదు. 44 ఆట ఉన్న రోమ్ చిప్‌ని ప్రాసెసర్ ఎంచుకునే తీగ, 47 బొమ్మల చిప్ రాసే తీగ. లెడ్ కారి వాటికి తగిలితే ఉన్న ఆట కూడా పోతుంది.

ఏ క్యాసెట్ అయినా సరే, ఐరన్ పెట్టాక సెట్టులో పెట్టేముందు 1కీ 30కీ మధ్య మీటరు పెట్టు. 1 గ్రౌండు, 30 ఐదు వోల్టులు. బీప్ వస్తే ఎక్కడో షార్టు, అది దొరికేదాకా స్విచ్ వేయొద్దు. క్యాసెట్ పెట్టడం, తీయడం ఎప్పుడూ సెట్టు ఆపాకే.

పర్లాకిమిడి వీధి:

మూడోది నేను చెబుతాను. గేమ్ బాయ్ క్యాసెట్‌లో సేవ్ ఉండేది చిన్న రామ్‌లో. దానికి కరెంటు లేకపోతే అంతా మరిచిపోతుంది, అందుకే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ పెట్టారు. విప్పి బ్యాటరీ మీద ఏం రాసుందో చూడు. సీఆర్2025 గానీ సీఆర్1616 గానీ ఉంటుంది. మీటరు పెడితే కొత్తది 3 వోల్టులకి పైన, నీది 2 వోల్టుల కింద చూపించవచ్చు.

రాసి ఉన్నదే తెచ్చుకో. సీఆర్2032 ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుందని దాన్ని పెట్టేస్తుంటారు. వెడల్పు 20 మిల్లీమీటర్లు సీఆర్2025తో సమానమే గానీ మందం 2.5 బదులు 3.2. డబ్బా సరిగ్గా మూసుకోకపోవచ్చు, బలవంతంగా మూస్తే బోర్డు వంగవచ్చు.

ముఖ్యమైన మాట ఏమిటంటే, రేకు చెవులు ముందే అతికించి ఉన్న బ్యాటరీయే కొనాలి. ఉత్త బిళ్ల మీద నేరుగా ఐరన్ పెడితే లోపలి సీలు కరిగి ఉబ్బుతుంది, పగిలే ప్రమాదమూ ఉంది. టేపుతో కట్టడం కూడా వద్దు, క్యాసెట్ కిందపడిన మొదటిసారే స్పర్శ పోయి సేవ్ ఎగిరిపోతుంది.

ముందు ఫోటో తీసుకో, ప్లస్సు ఎటుందో. పాత అతుకు మీద కొత్త లెడ్ కాస్త కలిపితే తొందరగా కరుగుతుంది. కరిగాక చిమటాతో చెవిని పైకెత్తాలి, లాగకూడదు. లాగితే బోర్డు మీది రాగి ప్యాడ్ ఊడొస్తుంది. రెండో చెవి కూడా తీశాక ప్యాడ్లు తుడిచి కొత్తది అదే దిక్కులో అతికించు.

అతికించాక రామ్‌కి కరెంటు చేరుతోందో లేదో చూడు. 28 కాళ్ల రామ్ అయితే 14 గ్రౌండు, 28 కరెంటు. క్యాసెట్ బయట ఉండగానే ఆ రెంటి మధ్య బ్యాటరీ వోల్టేజికి కొంచెం తక్కువగా రావాలి, మధ్యలో డయోడ్ కాస్త తింటుంది. బ్యాటరీ దగ్గర 3 ఉండి రామ్ దగ్గర సున్నా అయితే తప్పు బ్యాటరీది కాదు, మధ్యలో గీతదో డయోడుదో.

ఆయుష్షు లెక్క కూడా వేసుకోవచ్చు. సీఆర్2025లో సుమారు 160 మిల్లీయాంపియర్ అవర్లు. రామ్ 2 మైక్రోయాంపియర్లు తాగితే 80,000 గంటలు, తొమ్మిదేళ్లు. రామ్ ముసలిదై ఎక్కువ తాగితే ఆ మేరకు తగ్గుతుంది. బ్యాటరీ తీస్తే రామ్‌లో మిగిలిన సేవ్ పోతుంది. నీది ఎలాగూ నిలవడం లేదు కాబట్టి నీకు నష్టం లేదు. సేవ్ ఇంకా బతికే ఉన్నవాళ్లు మాత్రం యూఎస్‌బీ క్యాసెట్ రీడరుతో కంప్యూటరులోకి దింపుకున్నాకే ఐరన్ ముట్టుకోండి.

రాయగడ రిపేరు:

ఆ నల్లబొట్ల గురించి ఒక హెచ్చరిక. బొట్టు కింద చిప్‌కీ బోర్డుకీ మధ్య వెంట్రుక కంటే సన్నని తీగలుంటాయి. బొట్టు మీద వేలితో నొక్కితే బొమ్మ బాగై, వదిలితే పాడైతే తెగింది ఆ తీగ. దాన్ని ఇంట్లో బాగుచేయలేం. హీట్ గన్ పెట్టు, ఓవెన్‌లో పెట్టు అని వీడియోలు చెబుతాయి. ఆ బొట్టు ఎపాక్సీ, లెడ్ కాదు. కరగదు, తీగ మళ్లీ అతకదు. వేడికి ఉబ్బి మిగిలిన తీగలు కూడా తెగుతాయి. రంధ్రం దాటాక బొట్టు అంచు దాకా బీప్ సరిగ్గా ఉండి గీతలు మాత్రం పోకపోతే అక్కడ ఆగిపో.

గుణుపురం గట్టు:

59 నుంచి రంధ్రం అవతలికి బీప్ లేదు. తీగ వేశాక వచ్చింది, గీతలు పోయాయి. మల్టీ క్యాసెట్‌లో 45, 46 కలిపాను, శబ్దం వస్తోంది. బ్యాటరీ ఆర్డర్ పెట్టాను. వేసిన తీగ కదలకుండా ఏం పెట్టాలి? ఫెవిక్విక్ సరిపోతుందా?

బరంపురం టంకం:

ఫెవిక్విక్ వద్దు. ఆవిరి చుట్టూ తెల్లటి పొరగా దిగుతుంది, పిన్నుల మీద పడితే మళ్లీ స్పర్శ పోతుంది. పైగా పెళుసు, వంగితే పగులుతుంది. నెమ్మదిగా ఆరే ఆరల్డైట్ రెండు ట్యూబులూ సమానంగా కలిపి, అగ్గిపుల్ల కొసతో తీగ మధ్యలో ఒక బొట్టు, గీకిన రాగి అంతటి మీదా పలచగా ఒక పొర. తేమ మళ్లీ రాగిని ముట్టకుండా ఆ పొరే కాపాడుతుంది. పూసేముందు రోజిన్ మరక మొత్తం ఆల్కహాల్‌తో తీసెయ్యి, దాని మీద ఆరల్డైట్ పట్టదు. పిన్నుల వైపు పారకుండా బోర్డుని పిన్నులు పైకి ఉండేలా ఏటవాలుగా ఆనించి, ఒక రోజంతా వదిలేశాకే డబ్బా మూయి.